దేవుణ్ణి నమ్మని పిల్లాడికి స్కౌట్స్‌లో చోటు లేదా? (ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి అడిగిన అన్నకి)

అన్నా, టెన్షన్ పడకండి. మీ ఏడో తరగతి బాబు "నాకు నమ్మకం లేదు, దేవుడి పేరు మీద ప్రతిజ్ఞ చెయ్యను" అన్నాడని మాస్టారు ప్రవేశ్ బ్యాడ్జీ (స్కౌట్స్‌లో చేరేటప్పుడు ఇచ్చే మొదటి బ్యాడ్జీ) ఆపేశారన్నారు కదా, దానికి దారి వాళ్ల నిబంధనల్లోనే ఉంది. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ప్రతిజ్ఞలో దేవుడి పట్ల, దేశం పట్ల విధి అని ఉంటుంది గానీ, ఇష్టమైతే దేవుడు బదులు ధర్మం అనొచ్చని దాని కిందే రాసి ఉంటుంది. చాలామంది మాస్టార్లు అక్కడిదాకా చదవరు! ఆ పేజీ ఫొటో తీసి విడిగా చూపించండి, నలుగురిలో నిలదీస్తే పంతానికి పోతారు.

ఇక బడిలో ప్రార్థనలంటారా, గుర్తింపు ఉన్న బడిలో మైనరు పిల్లల్ని తల్లిదండ్రుల అనుమతి లేకుండా మత ప్రార్థనలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28(3) చెబుతోంది.

మనమే నయం, అమెరికాలో ఇలాంటి పిల్లాడి కేసులో 1993లో అప్పీల్ కోర్టు స్కౌట్స్ పక్షానే తీర్పు చెప్పింది. బ్రిటన్ మాత్రం 2014 నుంచి నమ్మకం లేనివాళ్లకి వేరే ప్రతిజ్ఞ పెట్టింది.

ధర్మం అన్నా బాబు ఒప్పుకోకపోతే, పై తరగతికి వెళ్లాక ఎన్‌సీసీ చూడండి, ఆ ప్రతిజ్ఞలో దేవుడి ఊసే లేదు. "మన వైపు ఇలాంటివాళ్లు ఎవరున్నారు" అంటున్నారట మీ నాన్నగారు, నాస్తికుడు గోరా 1902లో పుట్టింది మన గంజాం ఛత్రపురంలోనే అని చెప్పండి.

అన్నట్టు, ప్రభుత్వ అధికారులకి అర్జీ పెట్టాల్సి వస్తే ఒడియాలోనే రాయించక్కర్లేదు, తెలుగులోనూ ఇవ్వొచ్చు, ఆ హక్కు రాజ్యాంగం 350 ఇస్తోంది.