గీయడం కంటే చెరపడమే ఎక్కువైంది... మానేయమంటారా?

ప్రశ్న: నా వయసు 44. మాది తెనాలి. పిల్లలిద్దరూ చదువులకని వెళ్లాక, చిన్నప్పటి కోరిక కదా అని బొమ్మలు నేర్చుకుందామనుకున్నాను. ఆరో తరగతిలో నేను గీసిన ఆవు బొమ్మను మా డ్రాయింగ్ మాస్టారు పైకెత్తి 'ఇది ఆవా, మేకా?' అని క్లాసంతా నవ్వించారు. ఆ తర్వాత మళ్లీ గీయలేదు. ఇప్పుడు స్కెచ్‌బుక్ కొని ఎనిమిది నెలలైంది. గీయడం, చెరపడం, చివరికి పేజీ చించేయడం, ఇదే వరస. ఫోన్లో ఇరవై ఏళ్ల పిల్లల బొమ్మలు చూస్తే సిగ్గేస్తోంది. మావారేమో 'ఎందుకీ టెన్షన్, వదిలెయ్' అంటున్నారు. వాకిట్లో ముగ్గు తప్ప నా చేతికి ఇంకేమీ రాదనిపిస్తోంది. మానేయమంటారా?
– ఓ సోదరి

జవాబు: మానేయకండి. మీ ఉత్తరం చదువుతూ ఆ ముగ్గు మాట దగ్గర ఆగిపోయాను. మెలికల ముగ్గు వేసే చెయ్యి స్కేలు లేకుండానే చుక్కల్ని సమదూరంలో పెడుతుంది. గీత ఎక్కడ వంగాలో, తిరిగొచ్చి ఎక్కడ కలవాలో దానికి తెలుసు. అలాంటి చెయ్యి మీకుంది. ముగ్గులో ఒక మెలిక వంకరపోతే ఏం చేస్తారు? అంతమేరా తుడిచి మళ్లీ వేస్తారు. సాయంత్రానికి అందరూ తొక్కేసినా బాధపడరు, రేపు ఎలాగూ కొత్తది వేస్తారు కాబట్టి. అదే చెయ్యి పెన్సిల్ పట్టేసరికి మాత్రం ప్రతి పేజీనీ ఆ మాస్టారే పైకెత్తి చూపిస్తారేమో అన్నట్టు భయపడుతోంది.

ఆయన చేసింది తప్పే. పదకొండేళ్ల పిల్లను అందరిముందూ నవ్వులపాలు చేయకూడదు. పైగా అది చాలా సున్నితమైన వయసు. ఇంచుమించు తొమ్మిది, పదేళ్లు వచ్చేసరికి పిల్లలకు బొమ్మ 'అచ్చం అలాగే' రావాలన్న పట్టుదల మొదలవుతుంది. ఎలా చూడాలో నేర్పేవాళ్లు లేక చాలామంది అక్కడే ఆగిపోతారు. మళ్లీ ఎప్పుడు పెన్సిల్ పట్టినా చెయ్యి ఆ ఆరో తరగతి నుంచే మొదలుపెడుతుంది. మీ కన్ను మాత్రం ఈలోగా ఎన్నో మంచి బొమ్మలు చూసింది, అందుకే తప్పు ఇట్టే పట్టేస్తోంది. మీకు సిగ్గనిపిస్తున్నది ఈ తేడా వల్లే. గీస్తూ ఉంటే అది తగ్గుతుంది.

మనకు 'రాదు' అనిపించేవాటిలో చాలావరకు ఎవరూ చెప్పక తెలియనివే. ముఖం సంగతే తీసుకోండి. కొత్తగా గీసేవాళ్లు దాదాపు అందరూ కళ్లను బాగా పైకి పెట్టేస్తారు. అద్దం ముందు నిలబడి స్కేలుతో కొలుచుకోండి. నడినెత్తి నుంచి గడ్డం కింది దాకా చూస్తే కళ్లు ఇంచుమించు సగంలో ఉంటాయి. ఈ ఒక్కటి తెలిస్తే చాలు, మీరు గీసే ముఖం ఆ రోజే మారుతుంది.

ఆ స్కెచ్‌బుక్కును కొన్నాళ్లు బీరువాలో పెట్టేయండి. మంచి కాగితం పాడవుతుందన్న బెంగ కూడా మిమ్మల్ని ఆపుతోంది. రూళ్లు లేని మామూలు నోటుబుక్కు, ఒక 2బి పెన్సిల్ చాలు. రబ్బరు మాత్రం దగ్గర పెట్టుకోవద్దు. పొద్దున ముగ్గు వేశాక పావుగంట కూర్చోండి. మొదటి వారం కాగితం వైపు చూడకుండా మీ ఎడమచేతిని గీయండి. కన్ను చేతి అంచు వెంట ఎంత మెల్లగా నడిస్తే పెన్సిల్ కూడా అంతే మెల్లగా నడవాలి. వచ్చేది చెయ్యిలా ఉండదు, ఫరవాలేదు, అది కంటికి తాలీము. రెండో వారం ఏదైనా ఒక బొమ్మను తలకిందులుగా పెట్టి, చూసి గీయండి. అప్పుడు ఇది ముక్కు, ఇది నోరు అన్న ధ్యాస పోయి గీతలు, వాటి మధ్య ఖాళీలు కనిపించడం మొదలవుతుంది. ప్రతి పేజీ మీదా తేదీ వేయండి. ఏదీ చించొద్దు. రెండు నెలల దాకా ఎవరికీ చూపించొద్దు.

రవీంద్రనాథ్ ఠాగూర్ రాతప్రతుల్లో కొట్టేసిన మాటల్ని కలుపుతూ ఆకారాలు గీసేవారు. ఆయన చిత్రకళ అలా మొదలైంది. అరవై దాటాకే దానిమీద గట్టిగా కూర్చున్నారు. 1930లో పారిస్‌లో తొలి ప్రదర్శన జరిగేనాటికి డెబ్బైకి దగ్గరపడ్డారు. మీరు చించేసిన పేజీల గురించి చదివినప్పుడు నాకు ఆయన కొట్టివేతలే గుర్తొచ్చాయి. ఇక ఫోన్లో ఒక్క నిమిషంలో పూర్తయ్యే బొమ్మ వెనక చాలాసార్లు గంటల పని ఉంటుంది, వేగం పెంచి చూపిస్తారు. ఈ రెండు నెలలూ అవి చూడకండి.

మీవారి మాటలో నాకు వెటకారం కనబడలేదు. మీరు పేజీలు చించుకుంటూ బాధపడటం ఆయన చూస్తున్నారు కదా. 'ఎలా ఉందో చెప్పమని అడగను, ఈ పావుగంట నన్ను పిలవకండి' అని చెప్పి చూడండి.

ఒక్కటి మాత్రం నిజాయితీగా చూసుకోండి. ఈ 'నాకేమీ రాదు' బొమ్మల దగ్గరేనా, పిల్లలు వెళ్లినప్పటి నుంచి అన్నిటా ఉందా? రోజంతా దిగులు, నిద్ర సరిగా పట్టకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం రెండు వారాలకు మించి ఉంటే ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల్ని కలవండి.

రెండు నెలలయ్యాక ఓ సాయంత్రం మీవారు టీవీ ముందు కూర్చున్నప్పుడు నోటుబుక్కు పట్టుకుని ఎదురుగా కూర్చోండి. కళ్లు సగంలో పెట్టడం మర్చిపోకండి.