ఆయిల్ లైటు వెలిగితే

బంగారు తల్లికి, పెద్దనాయన ఆశీస్సులు.

కంప్యూటర్‌లో విమానం నడపడం నేర్చుకుంటున్నావని, ఆ తర్వాత పైలట్ ట్రైనింగ్‌కు పోతావని మీ నాయన ఫోన్ చేసి చెప్పాడు. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. 2021లో ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు మొదలైనప్పుడు నిన్ను స్కూటర్ మీద తీసుకుపోయి కంచె బయట నిలబెట్టింది నేనే కదా. సంతోషంగానూ ఉంది, భయంగానూ ఉంది.

ఎగరడం నాకు తెలీదు. ఇంజిన్ తెలుసు. కంప్యూటర్‌లో నడపడానికి నువ్వు కొన్న కోమాంచీ 250 విమానంలో ఆరు సిలిండర్ల లైకమింగ్ కంపెనీ ఇంజిన్ అంట. ఈ రోజు పాడుచేస్తే రేపు ఆన్ చేసినా ఆ అరుగుదల అట్లే ఉంటుందంట. మంచిదే. స్టార్ట్ చేసే ముందు ఆయిల్ చూసుకో. స్టార్టయ్యాక 30 సెకన్లలో ఆయిల్ ప్రెషర్ రాకపోతే ఆపెయ్. వేడెక్కకముందే ఫుల్ థ్రాటిల్ ఇవ్వకు. ప్లగ్గులకు కరెంటు పుట్టించే మాగ్నెటోలు రెండుంటాయి, రెండూ విడివిడిగా చూడు. నిజం విమానాన్ని వారాల తరబడి ఊరికే నిలబెట్టకూడదు. ఆ ఇంజిన్లలో వాల్వులు తెరిపించే క్యామ్‌షాఫ్ట్ పైన ఉంటుంది, దాని మీది ఆయిల్ కిందికి జారిపోయి తుప్పు పడుతుంది.

ఇంక నా సంగతి. 1987లో అప్పు చేసి కొన్న లారీలో బేతంచెర్ల బండలు వేసుకుని బెంగళూరుకు బయల్దేరాను. ముందురోజు ఆయిల్ మార్చింది నేనే. డ్రెయిన్ బోల్టుకు కొత్త రాగి వాషర్ వేయాలి. షాపు మూసేశారని పాతదే వేసి బిగించాను. గుత్తి దాటాక ఆయిల్ లైటు ఎర్రగా వెలిగింది. వారం కింద వైరు వదులై అది ఊరికే వెలిగింది, ఇప్పుడూ అంతే అనుకున్నాను. దిగి చూడలేదు. కళ్లకు గుచ్చుకుంటోందని వైరు పీకేశాను తల్లీ! పామిడి దగ్గర పెన్న వంతెన ఇంకా రాకముందే కింద ఠకఠకా కొట్టుకుని ఇంజిన్ పట్టేసింది. వెనక్కి నడిచి చూస్తే రోడ్డు పొడుగునా ఆయిల్ చుక్కలు. బేరింగులు పోయాయి, ఇంజిన్‌ను తిప్పే పెద్ద ఇరుసు, క్రాంక్ పోయింది. మీ నాయన కాలేజీకని దాచిన డబ్బు ఆ క్రాంక్‌కే పెట్టాను. వాడు ఆ ఏడు కాలేజీలో చేరలేదు. ఈ రోజు వరకూ నన్ను ఒక్క మాట అనలేదు.

మీ కంప్యూటర్ విమానానికి రిపేర్లు చేసే హ్యాంగర్ స్క్రీన్‌లో ఒక్క క్లిక్‌తో ఇంజిన్ కొత్తదైపోతుందంట. ఆ క్లిక్ గురించే నా టెన్షన్. ఎందుకు పాడైందో తెలిసేదాకా దాన్ని నొక్కకు. ప్రెషర్ ఎప్పుడు పడింది, అప్పుడు నువ్వేం చేస్తున్నావు, కాగితం మీద రాసుకో. గేజ్ తప్పేమో అనిపించినా ముందు దగ్గరలో దిగు, చెక్ చేసేది నేల మీద. గాల్లో రోడ్డు పక్కన ఆపుకునే వీలుండదు కదమ్మా.

తిడుతున్నాననుకోకు. ఉగాదికి వచ్చేటప్పుడు ఆ ల్యాప్‌టాప్ తీసుకురా. పెద్దమ్మ ఓళిగలు చేస్తానంటోంది. నువ్వు స్టార్ట్ చెయ్, నేను పక్కన కూర్చుని ఇంజిన్ శబ్దం వింటాను.

నీ పెద్దనాయన,
కర్నూలు