మావారు విమానం నేర్చుకుంటారట, షుగర్ సంగతి దాచమంటున్నారు

ప్రశ్న: మాది బల్లార్షా. మావారికి 57 ఏళ్లు. ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ ఆపరేటర్‌గా చేరి, ఫోర్‌మన్ అయి, నిరుడు స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశారు. చిన్నప్పటి నుంచీ విమానాలంటే పిచ్చి. చంద్రపూర్ వెళ్లినప్పుడల్లా మోర్వా ఎయిర్‌స్ట్రిప్ దగ్గర బండి ఆపి నిలబడేవారు. ఇప్పుడు లైసెన్స్ తీసుకుంటానంటున్నారు. ఒక ఫ్లయింగ్ క్లబ్బుకు వెళ్లి, ఇన్‌స్ట్రక్టర్ పక్కన అరగంట ఎగిరి వచ్చారు కూడా. గంటకు 15 వేలట. మా అమ్మాయి నాగపూర్‌లో నర్సింగ్ రెండో సంవత్సరం. పుణెలో ఉన్న అబ్బాయి ‘నాన్నకు మతి పోయింది’ అంటున్నాడు. మంచిర్యాలలో మావాళ్లు నవ్వుతున్నారు. ఇవన్నీ ఒక ఎత్తు. ఆయనకు ఆరేళ్లుగా షుగర్. వచ్చే మంగళవారం మెడికల్ టెస్టులో ఆ సంగతి చెప్పరట. నేనూ ఎవరితో అనకూడదని పిల్లల మీద ఒట్టు వేయించుకున్నారు. రిపోర్టుల ఫైలు బియ్యం డబ్బా వెనక దాచారు. ఒట్టు తప్పితే పాపం, తప్పకపోతే భయం. ఏం చేయను?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు ఒట్టు సంగతి తేల్చేద్దాం. ఆ ఒట్టు చెల్లదు. పిల్లల మీద ఒట్టు వేసి పిల్లల తండ్రిని ప్రమాదంలోకి పంపమని ఏ దేవుడూ అడగడు. అయితే మీరు పరుగున వెళ్లి డాక్టర్‌కో, కొడుక్కో చెప్పేయమని నేను అనను. ముందు ఆయనకే చెప్పండి. ‘ఈ ఒట్టు నేను నిలబెట్టుకోలేను’ అని, అబ్బాయి ఫోన్‌లో లేనప్పుడు, ఇద్దరే ఉన్నప్పుడు.

మావారిని ఎగరనివ్వాలా వద్దా అని మీరు అడగలేదు. అది నాకు నచ్చింది. ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కు 17 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసై ఉండాలి. 65 ఏళ్లకు ఆగిపోవాల్సింది జీతం తీసుకుని ప్రయాణికుల విమానాలు నడిపేవాళ్లు. సొంత సరదాకు ఎగిరేవాళ్లకు అడ్డు వయసు కాదు, ఆరోగ్యం. అందుకే ఆయనకు ఆ టెస్టంటే అంత టెన్షన్.

ఇక్కడ ఆయనకు తెలియనిది ఒకటి ఉందని నా అనుమానం. షుగర్ ఉందనగానే తలుపు మూసేయరు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లను అంతర్జాతీయ నియమాలు అనర్హులుగానే చూస్తాయి. మాత్రలతో అదుపులో ఉన్నవాళ్ల సంగతి వేరు. మూడు నెలల సరాసరి చెప్పే హెచ్‌బీఏ1సీ ఎంత, కళ్లు, కిడ్నీలు, గుండె ఎలా ఉన్నాయి, ఏ మాత్ర వాడుతున్నారు అన్నవి చూసి నిర్ణయిస్తారు. ఈ ఏ మాత్ర అన్నది చాలా ముఖ్యం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ ఒక్కసారిగా పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ లాంటిదైతే, మాత్ర వేసుకుని టిఫిన్ ఆలస్యం చేస్తే చాలు, చెమటలు, చేతుల వణుకు, మాట తడబడటం. మీరు ఆరేళ్లలో ఒకసారైనా చూసే ఉంటారు. రేకు మీద పేరు చదవండి. అంతేగానీ, టెస్టులో గట్టెక్కడానికి మాత్రలు మానేయడం, సొంతంగా మార్చుకోవడం లాంటివి మాత్రం చేయనివ్వకండి.

ఇప్పుడు మన ఊళ్ల ఎండను ఇందులో కలపండి. మే నెలలో చంద్రపూర్ వైపు 46, 47 డిగ్రీలు మామూలే. వేడికి గాలి పలచబడితే రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్ బలమూ తగ్గుతుంది, విమానం లేవడానికి రన్‌వే ఎక్కువ కావాలి. మధ్యాహ్నమైతే నేల మీది నుంచి లేచే వేడిగాలికి చిన్న విమానం గతుకుల రోడ్డు మీద ఆటోలా ఎగిరెగిరి పడుతుంది. అందుకని ఎండాకాలం పాఠాలు తెల్లవారగానే పెడతారు. అంటే చీకటితో లేవడం, కడుపులో ఏమీ పడకుండానే బయల్దేరడం. లైసెన్స్‌కు కనీసం 40 గంటలు ఎగరాలి, అందులో కొన్ని గంటలు ఒంటరిగా. ఆ గంటల్లో పక్క సీటు ఖాళీ. చేతులు వణికితే అందుకునేవాళ్లు ఉండరు.

ఇదంతా మీరు భార్యగా చెబితే ‘నీకు భయం’ అని కొట్టిపారేస్తారు. కాబట్టి ఆయనలోని ఫోర్‌మన్‌ను అడగండి. షిఫ్టు మొదట్లో ఒక డంపర్ ఆపరేటర్ వచ్చి, పీఎంఈలో (గని కార్మికులకు చేసే ఆరోగ్య పరీక్షలో) షుగర్ దాచాను సార్ అంటే, మీరు అతన్ని హాల్‌రోడ్డు (గనిలో డంపర్లు తిరిగే రోడ్డు) ఎక్కనిచ్చేవారా? ఈ ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి. జవాబు ఆయన దగ్గరే ఉంది. విమానం ఎక్కే ముందు నేర్చుకునే మొదటి పనుల్లో ఒకటి, ట్యాంకు అడుగు నుంచి చిన్న గొట్టంలోకి కాస్త పెట్రోలు వంపి, అందులో నీటి చుక్క ఉందేమోనని వెలుతురుకు ఎత్తి చూడటం. పెట్రోల్‌ను అలా చూసేవాళ్లు తమ రక్తం రిపోర్టును బియ్యం డబ్బా వెనక పెట్టకూడదు.

దాచి లైసెన్స్ తెచ్చుకున్నా అది నిలవదు. టెస్టు ఒక్కసారితో అయిపోదు, గడువు తీరినప్పుడల్లా మళ్లీ వెళ్లాలి. ఆ ఫారంలో జబ్బుల గురించి సంతకం పెట్టి చెప్పాలి. అబద్ధమని తేలితే లైసెన్స్ పోవచ్చు. ఇన్సూరెన్స్ కాగితాలు కూడా తీసి చూడండి. చాలా ప్రమాద బీమాల్లో టికెట్ కొని ప్రయాణించేవాళ్లకే రక్షణ, సొంతంగా విమానం నడిపితే వర్తించదని రాసి ఉంటుంది. ఇది షుగర్ లేనివాళ్లకైనా వర్తించే మాటే.

డబ్బు లెక్క చిన్నదే, కానీ రాసుకోండి. 40 గంటలంటే 6 లక్షలు. అది కనీసం. ఈ వయసులో చేతికి పట్టు దొరకడానికి ఎక్కువ గంటలు పడతాయి, 55, 60 అనుకుని 9 లక్షలు పక్కన ఉన్నాయా చూడండి. గది అద్దె, రాకపోకలు వేరే. లైసెన్స్ వచ్చాక కూడా ఎగురుతూ ఉండకపోతే చెయ్యి మరిచిపోతుంది, అదీ ఖర్చే. అమ్మాయి మిగతా చదువు ఫీజు ఆమె పేరున ముందే డిపాజిట్ చేసేయండి. ఆ తర్వాత మిగిలింది ఆయన కష్టార్జితం. అబ్బాయికి అందులో మాట ఉండదు. మంచిర్యాల వాళ్లకు అసలే ఉండదు.

నాకు మెడికల్ కంటే కష్టంగా కనిపిస్తున్నది ఇంకోటుంది. ఫోర్‌మన్‌గా మీవారు చెప్పారు, కుర్రాళ్లు విన్నారు. ఇక్కడ ఇన్‌స్ట్రక్టర్‌కు పాతికేళ్లు ఉండొచ్చు, మీ అబ్బాయికంటే చిన్నవాడు. నేల ఇంకా వంద అడుగులు ఉందనగా ‘గో అరౌండ్’ అంటాడు. ఎందుకని అడగకుండా పవర్ పెంచి మళ్లీ పైకి లేవాలి. ‘ఇవాళ గాలి బాగాలేదు, ఇంటికి వెళ్లండి అంకుల్’ అంటాడు. అంత దూరం వెళ్లి, ఎగరకుండానే తిరిగి రావాలి. రేడియోలో ఇంగ్లీషులో తడబడితే పక్క విద్యార్థులు నవ్వొచ్చు. వీటికి సిద్ధమేనా అని అడగండి. జేఆర్డీ టాటా 78 ఏళ్ల వయసులో, 1982లో, కరాచీ నుంచి బొంబాయికి చిన్న విమానంలో ఒంటరిగా వచ్చారు కదా అని ఆయన అనవచ్చు. నిజమే, కానీ టాటా లైసెన్స్ తీసుకున్నది 1929లో, 24 ఏళ్లకు. ఆ ఉదాహరణ ఈ ఇంట్లో పనికిరాదు.

మీరు చెప్పినా వినక, దాచే వెళ్తానంటే? అప్పుడు ఆయన షుగర్ చూసే డాక్టర్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి. దానికీ రానంటే, ఆ క్లబ్బుకు ఫోన్ చేయడం మీ హక్కు. వారం పది రోజులు మాట్లాడరు. భరించండి.

నిజం చెప్పి ఫెయిలైతే కుప్పకూలుతారేమోనని కూడా మీకు లోపల ఉన్నట్టుంది. బాధపడతారు. అయినా ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని, ఆ అరగంట లాంటివి ఇంకొన్ని ఎగరడానికి దారి ఉండవచ్చు, క్లబ్బులో అడగమనండి.

ఆదివారంలోగా మాట్లాడేయండి. రక్తపరీక్ష పరగడుపున ఉండొచ్చు, ఆ ఉదయం మాత్ర ఎప్పుడు వేసుకోవాలో వాళ్ల డాక్టర్‌ను ముందే అడగమనండి. మంగళవారం పొద్దున ఆ ఫైలు దులిపి ఆయన సంచిలో మీరే పెట్టండి. రక్తం ఇచ్చాక తినడానికి రెండు జొన్నరొట్టెలు కూడా.