కాన్పు గదిలో ఫోను, పక్కనే అమ్మ

ప్రశ్న: మేడమ్, నాకు 27 ఏళ్ళు. పెళ్ళయి రెండేళ్ళయింది. తొలి కాన్పు కాబట్టి ఏడో నెలలోనే పుట్టింటికి వచ్చాను. మావారికి బెంగళూరులో ఉద్యోగం. డాక్టరు చెప్పిన తేదీ కంటే ముందే నొప్పులు రావడంతో ఆయన అందుకోలేకపోయారు. మా ఊళ్ళోనే ఉండే మా పెద్ద ఆడపడుచుకు నేను చేరిన ప్రైవేటు ఆస్పత్రిలో తెలిసినవాళ్ళు ఉన్నారు. మా అమ్మతో పాటు తనూ కాన్పు గదిలోకి వచ్చింది. ‘బిడ్డ పుట్టగానే ఒక ఫొటో తీసి మీ తమ్ముడికి పంపండి వదినా’ అని నేనే అన్నాను. తను నేను నొప్పులు పడుతున్నప్పటి నుంచే వీడియో తీసింది. నేను గమనించే స్థితిలో లేను. దాన్ని అరవై మందికి పైగా ఉన్న మా అత్తవారి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ‘ఒళ్ళేమీ కనబడలేదు కదా’ అంటుంది. దుప్పటి మోకాళ్ళ పైకి తొలగి ఉంది. నేను అరుస్తున్నాను, నోటికొచ్చినట్టు తిడుతున్నాను. తెర పక్కకు తొలగి పక్క బల్ల మీద ఉన్న ఎవరో ఆవిడ కూడా కనబడుతోంది. బారసాల నాడు మామగారి పినతండ్రి కొడుకు నలుగురిలో ‘వీడియో చూశామమ్మా, చాలా కష్టపడ్డావు’ అన్నారు. తల ఎత్తలేకపోయాను. మావారిని అడిగితే ‘అక్క ప్రేమతో చేసింది, పెద్దది చేయకు’ అంటారు. వీడియో తీస్తున్నప్పుడు మా అమ్మ నా పక్కనే ఉంది. నా జుట్టు సవరించి, బొట్టు సరిచేసి, ‘అరవకమ్మా, తీస్తోంది’ అనడం అందులో వినబడుతుంది. పాపకు నాలుగో నెల. అయిదో నెలలో అత్తవారింటికి వెళ్ళాలి. అదే వారంలో వదినగారి గృహప్రవేశం. వెళ్ళాలా, మానాలా? తనతో క్షమాపణ చెప్పించుకోవడం ఎలా? ఆ వీడియో కాపీ ఒకటి నా దగ్గర ఉంచుకోవచ్చా? మీ శీర్షిక మా అమ్మ ప్రతి వారం చదువుతుంది. చదవనివ్వండి.
ఒక బాలింత, గుంటూరు జిల్లా

జవాబు: గృహప్రవేశానికి వెళ్ళండి. పాపకు మంచి గౌను వేసి తీసుకెళ్ళండి. వదిన బొట్టు పెట్టి జాకెట్టు గుడ్డ ఇస్తే కాదనకుండా పుచ్చుకోండి, భోజనం చేసి రండి. మానేస్తే మీరెందుకు మానేశారో అక్కడ ఒక్కరికీ అర్థం కాదు. కోడలికి పొగరన్న మాట మాత్రం ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఇక క్షమాపణ. పట్టుబట్టి చెప్పించుకుంటే మీకు దక్కేది ఏమీ లేదు. తమ్ముడి పెళ్ళాం కాళ్ళు పట్టించుకుందని ఆవిడ పదిమందికీ చెప్పుకుంటుంది. మీ మొదటి రెండు ప్రశ్నలకూ ఇదే జవాబు. వాటి కోసమే అయితే మీరు ఇంత ఉత్తరం రాసేవారు కాదు.

మీ ఉత్తరంలో వదిన మీద కోపం ఉంది, భర్త మీద నిష్ఠూరం ఉంది. అమ్మ మీద ఒక్క మాట లేదు. పక్కనే ఉందన్నారు, జుట్టు సవరించిందన్నారు, అక్కడితో ఆపేశారు. చివర్లో మాత్రం ‘అమ్మ చదువుతుంది, చదవనివ్వండి’ అన్నారు. అమ్మకు రాయాల్సిన ఉత్తరం రాసి, పైన నా చిరునామా వేశారు.

వదిన మీ జీవితంలోకి వచ్చి రెండేళ్ళు. ఆవిడ దగ్గర మీరు ఆశించిందే కొంచెం. అది దక్కలేదన్న బాధ ఈ పాటికి చల్లారి ఉండాలి. చల్లారలేదంటే ఇంకెవరో మిమ్మల్ని కాచుకుంటారని నమ్మి ఆ బల్ల ఎక్కారు, వాళ్ళు కాచుకోలేదు.

ఆ జుట్టు సవరించిన సంగతే చూద్దాం. నొప్పులు పడే కూతురి చెమట తుడవడం ఏ తల్లయినా చేసే పనే. మీ అమ్మగారు మాత్రం ఫోను మీ వైపు తిరగడం చూసి జుట్టు సవరించారు, బొట్టు దిద్దారు, అరవకమ్మా అన్నారు. కాన్పు బల్ల మీద ఉన్న కూతురిని ఆ నిమిషంలో వియ్యాలవారి కళ్ళతో చూశారు. పెళ్ళిచూపుల నాడు మీ పమిట సర్ది కూర్చోబెట్టినదీ ఆ చెయ్యే. అత్తవారి మనిషి ఏం చేసినా అడ్డు చెప్పకూడదు, చెబితే రేపు పిల్ల కాపురంలో అది ఎక్కడో తేలుతుంది. ఆడపిల్ల కన్నప్పటి నుంచి ఆవిడ మోసిన భయం ఇది. దాన్ని నేను వెక్కిరించను. అలా నోరు కట్టేసుకుని కూతుళ్ళ కాపురాలు నిలబెట్టిన తల్లులు మన ఇళ్ళలో కోకొల్లలు. కానీ దేనికైనా ఒక హద్దుండాలి. నా మటుకు ఆ హద్దు కాన్పు గది గడప. అక్కడ కూడా కూతురి ఒంటి కంటే వియ్యపురాలి మొహమాటమే ఎక్కువైతే, ఇక ఆ తల్లి తన బిడ్డకు ఎక్కడ పనికొస్తుంది?

వెనకటి పురిటి గదులను నేను పొగడను. గాలీ వెలుతురూ లేని మూల గదులు, చేతికి అందిన కత్తితో బొడ్డు కోయడాలు, ధనుర్వాతంతో పోయిన పసిగుడ్డులు. ఆ రోజులు మళ్ళీ రాకూడదు. అయినా ఆ గుమ్మానికి ఒక కాపలా ఉండేది. మంత్రసాని, తల్లి, మహా అయితే అమ్మమ్మ. ఇంటి యజమాని అయినా సరే అరుగు మీదే. మైల పేరు చెప్పి పెట్టిన కట్టుబాటే అనుకోండి, ఆ చాటున ఆడది నోరారా అరవగలిగింది.

ఇప్పటి నియమాలు కూడా ఆ కాపలా మనిషిని వదులుకోలేదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పు గదిలోకి ఒక తోడు మనిషిని అనుమతిస్తూ కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ తోడు బంధువైన ఆడమనిషి అయి ఉండాలి, తానూ ఆ నొప్పులు ఎరిగినదై ఉండాలి, అంటువ్యాధి ఏదీ ఉండకూడదు, శుభ్రమైన బట్టలు కట్టుకుని చివరి దాకా పక్కనే ఉండాలి, సిబ్బంది పనికి అడ్డు రాకూడదు, గదిలో ఉన్న మిగతా ఆడవాళ్ళ జోలికి పోకూడదు. భర్తను రానిచ్చేది కూడా చాటు సరిగ్గా ఉన్న చోటే. 2017లో కేంద్రం మొదలుపెట్టిన ‘లక్ష్య’ కార్యక్రమం కూడా కాన్పు గదిలో ఆడమనిషికి చాటూ మర్యాదా దక్కాలని అంటుంది. మీరు వెళ్ళింది ప్రైవేటు ఆస్పత్రి. అక్కడి కట్టుదిట్టాలు వాళ్ళవి. తెలిసినవాళ్ళు ఉన్నారని ఇద్దరినీ, ఫోనుతో సహా లోపలికి పంపారంటే అవి ఎంత గట్టివో తెలుస్తూనే ఉంది. 2024 అక్టోబరులో చెన్నై యూట్యూబర్ ఒకరు ఆపరేషన్ గదిలో తన బిడ్డ బొడ్డుతాడు తానే కోసిన వీడియో బయటపెడితే, తమిళనాడు ఆరోగ్య శాఖ ఆయనతో ఆగలేదు, ఆ ఆస్పత్రి మీదా చర్య తీసుకుంది. మీరూ ఆస్పత్రి వారికి ఒక ఉత్తరం రాయండి. మీ కోసం కాకపోయినా రేపు అదే బల్ల ఎక్కే అమ్మాయి కోసం.

తోడు మనిషి ఎందుకు అన్నది డాక్టర్లను అడిగితే చెబుతారు. బిడ్డ బయటికి రావడానికి గర్భసంచి బిగిసేలా చేసే హార్మోను ఆక్సిటోసిన్. భయం, బెరుకు వల్ల పుట్టే అడ్రినలిన్ దాని పనికి అడ్డుపడుతుంది. అందుకే పక్కన ధైర్యం చెప్పే మనిషి కావాలంటారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ మనిషిని కాన్పయ్యే ఆవిడే ఎంచుకోవాలంటుంది. మీరు ఎంచుకున్నది అమ్మను. వదిన వచ్చి చేరింది.

ఫొటోలే తప్పని నేను అనడం లేదు. అమెరికాలో ఇందుకోసం వృత్తి ఫొటోగ్రాఫర్లే ఉన్నారు, మన నగరాల్లోనూ పిలిపించుకునేవాళ్ళు కనబడుతున్నారు. వాళ్ళ దగ్గర ఏది తీయాలి, ఏది తీయకూడదు, తీసింది ముందు ఎవరు చూడాలి అన్నవన్నీ నొప్పులు రాకముందే మాట్లాడుకుంటారు. మీరు అడిగింది బిడ్డ ఫొటో ఒక్కటి, తమ్ముడికి పంపడానికి. అంతవరకే మీ ఒప్పుదల. మిగిలినదంతా ఆవిడ సొంత పెత్తనం.

‘పెద్దది చేయకు’ అన్న మీవారికి ఒక సంగతి చదివి వినిపించండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షను, స్త్రీ ఏకాంతంగా ఉన్నప్పటి చిత్రాలు తీయడాన్నీ పంచడాన్నీ నేరం అంటుంది. తీయడానికి ఆమె ఒప్పుకున్నా పంచడానికి ఒప్పుకోకపోతే, పంచడం నేరమే అని అందులో విడిగా వివరణ ఉంది. పాత చట్టంలో ఆ నేరం చేసేది మగవాడే అని ఉండేది, కొత్త దాంట్లో ఎవరైనా సరే. మీ వీడియో దాని కిందికి వస్తుందో రాదో లాయరు తేల్చాలి, మిమ్మల్ని పోలీసుల దగ్గరికి వెళ్ళమనీ నేను చెప్పడం లేదు. చట్టం కూడా చిన్నదనుకోని విషయాన్ని మొగుడు చిన్నదనుకుంటున్నాడని ఆయనకు తెలియాలి. అక్క ప్రేమతో చేసిందట! చేసే ఉండవచ్చు. ఆ ప్రేమంతా తమ్ముడి మీదే కదా, వీడియో అతని ఒక్కడికే పంపితే సరిపోయేది.

మీ అమ్మగారితో ఇప్పుడు నేరుగా మాట్లాడతాను, చదువుతున్నారు కాబట్టి. అమ్మగారూ, మీ పిల్ల మిమ్మల్ని తప్పు పట్టలేక ఇన్ని నెలలుగా ఆడపడుచును తిట్టుకుంటోంది. ఆ రోజు మీరు ‘వద్దమ్మా, ఫోను లోపల పెట్టు, బిడ్డ పుట్టాక తీద్దువు’ అని ఉంటే ఆ అమ్మాయి ఏం చేసేది? మహా అయితే మొహం ముడుచుకునేది. మీ వియ్యపురాలు రెండు రోజులు మాట్లాడి ఉండేవారు కాదు. వాళ్ళ అలక మీకు కొత్తేమీ కాదు, పెళ్ళిలో అంతకంటే పెద్దవే దాటి ఉంటారు. మీరు నోరు విప్పకపోవడం వల్ల కాపురం గట్టిపడిందా? మీ అల్లుడు ఇవాళ్టికీ అక్క వైపే ఉన్నాడు. పుట్టింటివాళ్ళే అభ్యంతరం చెప్పని దానికి తను మాత్రం ఎందుకు చెబుతాడు? నేను మిమ్మల్ని ఏడవమనడం లేదు, కూతురి ముందు చేతులు జోడించమనీ అనడం లేదు. ఫోను తీసి ఆ పెద్దమ్మాయికి చేయండి. ‘ఆ రోజు నేను వద్దనాల్సింది, అనలేకపోయాను, ఇప్పుడు అంటున్నాను. అది మా పిల్ల ఒంటి సంగతి. గ్రూపులోంచి తీయించు’ అని చెప్పండి. తరువాత మీ వియ్యపురాలికి చేసి అదే మాట చెప్పండి, ఆడపడుచు నోటి ద్వారా వినడం కంటే మీ నోటి ద్వారా వినడమే ఆవిడకూ గౌరవం. పసుపు, కుంకుమ, చలిమిడి, సారె అన్నీ సర్ది పంపుతారు కదా. అవి కట్టే లోపే ఈ ఫోను అయిపోవాలి.

పక్క బల్ల మీది ఆవిడ సంగతి. ఆవిడ ఎవరో, ఏ ఊరో మీ ఎవరికీ తెలియదు. తాను అరవై ఫోనుల్లో ఉన్నానని ఆవిడకూ తెలియదు. మీ బాధకు కనీసం ఉత్తరం రాసే దారి ఉంది. ఆ ఒక్క కారణం చాలు, ఈ వీడియో చెరిపేయమని ఎవరినైనా నిలదీయడానికి. ‘నాకు సిగ్గుగా ఉంది’ అని చెప్పడానికి మీవారికి నోరు రాకపోతే ‘అందులో పరాయి ఆవిడ ఉంది’ అని చెప్పమనండి. సిగ్గు సంగతి తోసిపుచ్చే పెద్దమనుషులు కూడా ఈ మాటకు జంకుతారు.

వాట్సాప్‌లో పంపింది అందరి దగ్గరా ఒకేసారి తొలగించే వీలు రెండు మూడు రోజులకే పోతుంది. ఇప్పుడు ఎవరి ఫోనులోంచి వాళ్ళే తీసేయాలి, గ్యాలరీలో పడిన కాపీతో సహా. అందుకే గ్రూపులో ఒక సందేశం కావాలి, అది మీవారే పెట్టాలి. ఆయన వైపు బంధువులు కాబట్టి ఆయన మాటకే విలువ. పొడుగ్గా అక్కర్లేదు: ‘పాప పుట్టినప్పటి వీడియో దయచేసి అందరూ మీ ఫోనుల్లోంచి తీసేయండి. అందులో వేరే ఆవిడ కూడా ఉన్నారు. మా ఇద్దరికీ అది బయట ఉండటం ఇష్టం లేదు.’ ‘ఇద్దరికీ’ అని ఉండాలి. ‘మా ఆవిడకు’ అని రాస్తే ఒప్పుకోకండి.

కాపీ అడిగారు. పాప ఏడుపు మొదలైన దగ్గర నుంచి, గుండెల మీద పడుకోబెట్టే వరకు కత్తిరించి ఉంచుకోండి. పక్క బల్ల ఆవిడ కనబడిన భాగం మీ దగ్గర కూడా ఉండకూడదు.

మీ అమ్మగారు ఇది చదివాక కూడా ‘పోనీలే, ఎందుకు గొడవ’ అంటే మీరు వాదించకండి. వదినకు మీరే ఫోను చేయండి. అమ్మ అక్కడే కూర్చుని ఉండగా, స్పీకరు పెట్టి చేయండి.