ఫోన్లో ఓఎస్ మారిస్తే కేసవుతుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది టంగుటూరు. ఎనిమిది నెలల కిందట ఒంగోలులో ఫోన్ కొన్నాను. ప్రకటనల గోల, మన సమాచారం ఎవరెవరికో పోవడం నచ్చక కంపెనీ ఓఎస్ (ఫోన్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్) తీయించి, లీనియేజ్ ఓఎస్ అనే ఉచిత ఓఎస్ వేయించాను. ఇప్పుడు ఛార్జింగ్ పిన్ పోయింది. ‘బూట్‌లోడర్ (ఓఎస్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్; దాని తాళం తీస్తేనే వేరే ఓఎస్ ఎక్కుతుంది) అన్‌లాక్ చేశారు, వారంటీ లేదు’ అని సర్వీస్ సెంటర్‌లో తిప్పి పంపారు. పైగా ఇది నేరమని మా బావ టెన్షన్ పెడుతున్నాడు.

జవాబు: ముందు మీ బావగారి సంగతి. సొంత ఫోన్లో నచ్చిన ఓఎస్ వేసుకోవడం నేరం కాదు. గోప్యత ప్రాథమిక హక్కని పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. ఆ తీర్పు కౌంటర్లో చూపిస్తే పిన్ మార్చరు, అది వేరే సంగతి.

నేరమల్లా ఫోన్ గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐని మార్చడం. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. *#06# నొక్కండి. వచ్చిన నంబరు బాక్సు మీదున్న నంబరే అయితే నిశ్చింతగా ఉండండి.

వారంటీ దగ్గర మాత్రం గెలుపు ఖాయమని చెప్పను. సాఫ్ట్‌వేర్ మారిస్తే వారంటీ వర్తించదన్న షరతు చాలా కార్డుల్లో ఉంటుంది, కంపెనీ లాయరు ముందు దాన్నే చదువుతాడు. పిన్ పోవడానికీ ఓఎస్‌కీ సంబంధమేమిటన్నది మన వాదన. బ్యాటరీ వేడెక్కి పాడైన కేసైతే ఇంత ధైర్యంగా అనలేను. ఆ వాదనకు కాగితం కావాలి. నోటిమాట విని వచ్చేయడం మీ పొరపాటు. మళ్లీ వెళ్లి జాబ్ షీట్ (సర్వీస్ సెంటర్ రాసిచ్చే రిపేరు కాగితం) రాయించుకోండి. లోపం ‘ఛార్జింగ్ పిన్’ అని, రిపేరు ఎందుకు చేయబోమంటున్నారో ఆ కారణం అందులోనే ఉండాలి. వాళ్లు రాసివ్వబోమంటే అదే రోజు కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్, కంపెనీకి నోటీసు, చివరికి ఒంగోలులో జిల్లా వినియోగదారుల కమిషన్. ఐదు లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది, మీరే వాదించుకోవచ్చు.

పాత ఓఎస్ మళ్లీ వేసి, ఏమీ ఎరగనట్టు వెళ్లమని ఎవరైనా అంటే వినకండి. శామ్‌సంగ్ ఫోన్లలో సాఫ్ట్‌వేర్ మార్చారని చెప్పే నాక్స్ గుర్తు ఒకసారి పడితే ఇక పోదు. అబద్ధం బయటపడ్డాక కమిషన్ మీ మాట నమ్మదు.

ఈసారి కొనేటప్పుడు, గోప్యత కోసమే చేసిన గ్రాఫీన్ ఓఎస్ కూడా చూడండి. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో దాన్ని వేశాక బూట్‌లోడర్ తిరిగి లాక్ చేసుకోవచ్చు. అయినా కొన్ని బ్యాంకు యాప్‌లు మొరాయించవచ్చు, ముందే కనుక్కోండి.

బయట షాపులో పిన్ మార్పించుకుంటే చవకే, కాదనను. కానీ ఫోన్ అక్కడ విప్పించాక కేసు వేద్దామని మాత్రం రాకండి.