పంపకాల తగవుకు కూర్చునే ముందు

చి. సునీతకు,

పెదనాన్న ఆశీస్సులు. అన్నదమ్ముల భూమి తగవు నీ ముందుకు వచ్చిందనీ, ఈ ఆదివారమే కూర్చోబెట్టమంటున్నారనీ రాశావు. ఆదివారం వద్దమ్మా. నెల రోజులు గడువడుగు. పంపకాల తగవులు కూర్చున్న రోజున చెడేది తక్కువ. కూర్చోకముందు చూడాల్సింది చూడక కొన్ని, లేచాక రాయాల్సింది రాయక కొన్ని చెడతాయి.

ముందు నేల కొలిపించు. పాస్‌బుక్కులో 4 ఎకరాలు ఉంటే గొలుసు వేసేసరికి 3 ఎకరాల 80 సెంట్లు తేలడం మామూలే. గట్లు జరుగుతాయి, పంటకాలువకు కొంత పోతుంది. రాజీ అయ్యాక ఆ 20 సెంట్ల సంగతి బయటపడితే, నష్టపోయినవాడు మొత్తం పంపకాన్నే కాదంటాడు. అందుకని సర్వేయరు వచ్చి హద్దులు కొలిచేలా ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టించు. చుట్టుపక్కల రైతులకు నోటీసు అందాలి. కోతలయ్యాక కొలిస్తే సరిహద్దు రాళ్లు కనబడతాయి. ఈలోపు 1బీ (భూమి హక్కుల రికార్డు), అడంగల్ (సాగు రికార్డు), ఈసీ (రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తెప్పించి చూడు. పంట రుణం ఈసీలో కనబడకపోవచ్చు, బ్యాంకులో విడిగా అడగాలి.

తర్వాత వాటాదారుల లెక్క. “మేమిద్దరమే” అంటారు. నమ్మకు. తల్లి ఉందా? అక్కచెల్లెళ్లున్నారా? “పెళ్లికి ఇచ్చాంగా, పసుపు కుంకుమ కింద” అంటే చట్టం ఒప్పుకోదు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో జరిగిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురిదీ కొడుకుతో సమానమైన హక్కే. తండ్రి 2005కు ముందే పోయినా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకమో, కోర్టు డిక్రీయో ఉంటే మాత్రం దాన్ని కదపలేం. ఆడపడుచు నిజంగా వదులుకుంటానంటే హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేయించాలి. అన్నల ముందు “నాకేం వద్దులే” అన్న మాట లెక్కలోకి తీసుకోకు. ఆమెను ఒంటరిగా అడుగు. పుట్టింటి గడప దూరమవుతుందన్న భయంతో అనే మాట ఒకటుంటుంది, మనసులో మాట వేరే ఉంటుంది. వాటాదారుల్లో మైనరు ఎవరైనా ఉంటే వకీలును అడగకుండా అడుగు వేయకు.

ఉమ్మడిగా కూర్చోబెట్టే ముందు ప్రతి ఒక్కరితో విడిగా ముప్పావుగంట మాట్లాడు. భార్యలతో కూడా. రాత్రి ఒప్పుకున్నవాడు పొద్దున్నే అడ్డం తిరిగాడంటే, చాలాసార్లు ఇంట్లో అడగాల్సిన మనిషిని మనం అడగలేదన్నమాట. విడిగా చెప్పింది రెండోవాడి చెవిన వేయకు, వాళ్లు వేయమంటే తప్ప. ఒక్కసారి జారితే నీ పెద్దరికం అక్కడితో సరి.

కూర్చునే చోటు ఎవరి అరుగూ కాకూడదు. బడి గదో, రామాలయం మండపమో చూడు. ఉదయం 10కి మొదలుపెట్టు. సాయంత్రమైతే ఒకరిద్దరు తాగి వస్తారు. బంధువులు వచ్చినా వెనక కూర్చోవాలి, మాట మాత్రం వాటాదారులదే.

అన్న అంటాడు: “బోరుకు వాడు రూపాయి పెట్టలేదు. ఇప్పుడు నీళ్లకు మాత్రం సిద్ధం.” తమ్ముడు లేచి నిలబడతాడు. అప్పుడు నువ్వు “ఎంతయింది, ఎవరిచ్చారు” అని విచారణ మొదలుపెట్టకు. “బోరు ఖర్చు లెక్కలోకి రావాలంటావు, అంతేనా?” అని అన్ననే అడిగి, ఆ ఒక్క ముక్క కాగితం మీద రాసి ఇద్దరికీ చూపించు. తిట్టు కాస్తా పద్దయిపోతుంది. ఇలా పది పద్దులు పోగయితే సగం పని అయినట్టే. ఇక అంకె మాత్రం నీ నోటి నుంచి రానీయకు. నువ్వు చెప్పిన అంకె తీర్పవుతుంది. తీర్పు నచ్చనివాడు రేపు నిన్నే వేలెత్తి చూపిస్తాడు.

భాగాలకు మన పాత పద్ధతే మంచిది. పెద్దవాడు భాగాలు పెట్టాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. పెట్టేవాడికి తనకేది మిగులుతుందో తెలియదు కనుక సమంగానే పెడతాడు. ముగ్గురు నలుగురుంటే చీట్లు వేయి. అయితే రోడ్డు పక్క ఎకరం, చెరువు కింద ఎకరం ఒకటి కావు. విలువ కట్టి, తేడా డబ్బుగా సర్దాకే చీటీ తీయించు.

రాయడం దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. “బోరు ఇద్దరూ వాడుకోవాలి” అని రాస్తే తగవును మళ్లీ నాటినట్టే. ఇలా రాయి: “బోరు ఫలానా సర్వే నంబరులో ఉంది. సోమ, బుధ, శుక్రవారాలు అన్నది. మంగళ, గురు, శనివారాలు తమ్ముడిది. ఆదివారాలు వంతులవారీగా. కరెంటు బిల్లు, మోటారు రిపేరు చెరిసగం. రిపేరుకు వారంలోగా సొమ్ము ఇవ్వనివాడు ఇచ్చేదాకా వంతు కోల్పోతాడు. బోరు ఎండిపోతే కొత్తది ఎవరి ఖర్చు వారిదే.” బాట కూడా అంతే. ట్రాక్టరు ట్రాలీ పోవాలంటే 10 అడుగులు కావాలి, మలుపు దగ్గర 15. అది ఎవరి వాటాలోంచి ఎంత పోతుందో సెంట్లలో రాయాలి. చేలో ఉన్న పంట ఎవరు కోసుకోవాలో, పాత రుణం ఎవరు కట్టాలో, తల్లికి నెలకెంత, ఏ తేదీకి, ఏ ఖాతాలో వేయాలో కూడా. ఆమె ఎవరికైనా గిఫ్టు దస్తావేజు రాస్తే, పోషణ షరతు ఆ దస్తావేజులోనే ఉండాలి. అది ఉంటే చూడని కొడుకు మీద 2007 వృద్ధుల చట్టం కింద ఆ గిఫ్టు రద్దు కోరవచ్చు.

ఇంకో చిక్కుంది. “గతంలో పంచుకున్నాము” అని గుర్తుకోసం రాసుకున్న కాగితం వేరు, “ఈ రోజు పంచుకుంటున్నాము” అన్న కాగితం వేరు. రెండోదానికి రిజిస్ట్రేషను తప్పనిసరి. పాస్‌బుక్కులు విడగొట్టడానికి ఎలాగూ రిజిస్టరైన దస్తావేజే అడుగుతారు కాబట్టి ఆ ఖర్చు మిగుల్చుకుందామన్న ఆలోచన మాన్పించు. సాగుభూమి రిజిస్ట్రేషను మన ఆంధ్రలో సబ్ రిజిస్ట్రారు దగ్గర, తెలంగాణలో తహసీల్దారు దగ్గర.

ఒప్పందం కుదిరాక మళ్లీ ఎదురు తిరుగుతారన్న అనుమానముంటే లోక్ అదాలత్‌కు పంపించు. కేసు వేయకముందే మండల న్యాయసేవాధికార కమిటీలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు లేదు. అక్కడ వచ్చే అవార్డు, అంటే రాజీ తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు.

డిపాజిట్లు కట్టించుకోకు. జరిమానాలు వేయకు. ఖాళీ స్టాంపు కాగితాల మీద సంతకాలు ఎవరిచ్చినా తీసుకోకు. మాటల మధ్య కొట్టడం, కట్నం వేధింపు, పిల్లల మీద అఘాయిత్యం లాంటిది బయటపడితే ఆ సంగతి రాజీలో కలపకు, పోలీసులకు చేరాల్సిందే.

సర్వేయరు వచ్చే తేదీ ఖరారయ్యాక స్కెచ్చి నకలు నాకో కాపీ పంపించు. బాట ఏ వైపు నుంచి తీస్తే తక్కువ పోతుందో చూసి రాస్తాను.

ఇట్లు,
పెదనాన్న