వలపు, వద్దు, ఒల్లను

సందేహం: అయ్యా, మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, గుమ్మం దిగితే ఒడియా. చాలా ఏళ్లుగా ప్రేమకథలు రాస్తున్నాను. మూడు సందేహాలు. ఒకటి: రొమాన్స్‌కు తెలుగు మాట ఏది? అట్ట మీద ‘శృంగార కథలు’ అని వేయిస్తే మా వదిన ఆ పుస్తకాన్ని దిండు కింద దాచేసింది. ‘ప్రణయం’ పాతబడిందంటున్నారు, ‘వలపు’ సినిమా పాటల మాటంటున్నారు. రెండు: నా కథలో నాయకుడు “నాకు నువ్వు కావాలి” అంటాడు. అది ఇంగ్లీషుకు అనువాదమనీ, మోటుగా ఉందనీ తెలిసినవారొకరు తప్పుపట్టారు. మూడు: అదే కథ చివర నాయిక “నానొల్లనని ఎవులన్నారు?” అంటుంది. పత్రికవారు దాన్ని కొట్టేసి “ఐ లవ్ యూ” అని వేశారు. అసలైన రొమాన్స్ ఏ మాటలో ఉందో చెప్పండి.
— ఒక రచయిత్రి, పర్లాకిమిడి

సమాధానం: అమ్మా, ముందు రెండో సందేహం తీసుకుంటాను. మిగతా రెండింటి తాళంచెవీ అందులోనే ఉంది.

“నాకు నువ్వు కావాలి” అన్నది నికార్సయిన తెలుగు. తప్పుపట్టినవారు ‘కావాలి’ అనే మాటను ఒక్కసారి విప్పి చూసుకోవలసింది. అది కావలయును, కావలెను, కావాలి అని అరిగిన మాట. ‘కా’ అగు ధాతువుది. మిగిలిన ‘వలయు’ మన ‘వలచు’కు తోబుట్టువు. వలయు అంటే అవసరమగు, కోరదగు. వలచు అంటే కోరు, మనసుపడు. వలచితే వలపు. కాదంటే వలదు. ఈ ‘వలదు’ జనం నోట నలిగి నలిగి ‘వద్దు’ అయింది. అంటే కొట్టు దగ్గర అరకేజీ ఉప్పు కావాలన్నా, పాలగ్లాసు తోసేసి పిల్లాడు వద్దన్నా, పలికేది వలపు మాటనే. రోజుకు వందసార్లు పలుకుతూ, సినిమా పాటల మాట అని దాన్ని పక్కన పెట్టడం అన్యాయం.

ఇంకొక మాట. వలపుకూ చేపలు పట్టే వలకూ చుట్టరికం కలుపుతున్నారు ఈమధ్య. వలపు వలలో పడటం శ్లేష. కవికి చెల్లుతుంది, వ్యుత్పత్తి చెప్పేవాడికి చెల్లదు.

ఇప్పుడు మీ నాయకుడి వాక్యంలో ‘నాకు’ చూడండి. నాకు కావాలి, నాకు నచ్చింది, నాకు ఇష్టం, నాకు వద్దు. వీటన్నింటిలో కోరిక ఎక్కడినుంచో వచ్చి మనిషి మీద వాలుతుంది. మనిషి షష్ఠీ విభక్తిలో, ఆ ‘కు’లో ఒదిగి ఉంటాడు, కర్త కాడు. మరి వలచాను, మెచ్చాను, మనసిచ్చాను అనాలంటే ‘నేను’ రావాలి. కోరిక కలగడం వేరు, దాన్ని నాదని ఒప్పుకుని నిలబడటం వేరు. తెలుగు విభక్తులు ఈ తేడాను ఎంత చక్కగా పట్టుకున్నాయో! ప్రేమకథ రాసేవారు నన్నడిగితే, ‘నాకు’ నుంచి ‘నేను’ దాకా ఇద్దరు మనుషులు ఎలా నడిచారన్నదే కథ అంటాను. మధ్యలో వానలో తడవడాలు, రైలు తప్పిపోవడాలు ఎన్నైనా పెట్టుకోవచ్చు.

వలపుకు ఇంకో అర్థం ఉంది. పరిమళం. నిఘంటువుల్లో ఉంది, నోళ్లలోంచి పోయింది. మీ జిల్లాకు ఆనుకునే ఉన్న గంజాం తీరం మొగలిపువ్వుకు పేరుపడ్డ నేల. గట్ల వెంబడి మొగలి డొంకలు, పూలకాలంలో రాగి పాత్రల్లో అత్తరు బట్టీలు. మా నాయనమ్మ ఆ వైపు ఆడపడుచు. ఆమె ట్రంకుపెట్టెలో పట్టుచీరల మడతల మధ్య ఎండిన మొగలిరేకులు ఉండేవి. గోధుమరంగుకు తిరిగి, అంచుల ముళ్లు మాత్రం అలాగే ఉండి, వేలికి గీరుకునేవి. మూత ఎత్తితే ముందు ఇనుము వాసన, ఒక్క క్షణం ఆగి మొగలి. పువ్వు ఎప్పుడో పోయింది, తావి చీరను పట్టుకుని ఉంది. కోరికకూ పరిమళానికీ ఒకే మాట ఎందుకుందని విద్యార్థులు అడిగినప్పుడల్లా నాకు ఆ పెట్టే గుర్తొస్తుంది. రెండర్థాలనూ కలిపే చదవాలన్నది నా మొగ్గు.

నాకంటే ముందు పెద్దన అలా చదివాడనిపిస్తుంది. మనుచరిత్రలో ప్రవరుడు కాళ్లకు మహిమగల పసరు పూసుకుని హిమాలయం చేరాడు, ఆ పసరు మంచుకు కరిగిపోయింది, తిరిగి ఇంటికి వెళ్లే దారి లేదు. మనిషి అలికిడి కోసం వెతుకుతున్నాడు. అప్పుడు ఈ కందం:

మృగమద సౌరభ విభవ
ద్విగుణిత ఘనసార సాంద్ర వీటీ గంధ
స్థగితేతర పరిమళమై
మగువ పొలుపుఁ దెలుపు నొక్క మారుత మొలసెన్

కస్తూరి, దానితో ఇనుమడించిన కర్పూరం, ఆ కర్పూర తాంబూలపు ఘుమఘుమ. కొండగాలిలోని మిగతా వాసనలన్నీ దాని ముందు నిలవలేదు. మూడు పాదాలు ఒకటే సంస్కృత సమాసం, బరువుగా, పొరమీద పొరగా. నాలుగో పాదంలో ఆ బరువంతా దిగిపోయి ‘మగువ పొలుపు దెలుపు నొక్క’ అని తెలుగు తేలిగ్గా వీస్తుంది. చివర ‘ఒలసెన్’, మెల్లగా వచ్చి సోకింది. ఈ పద్యం పైకి చదవండి, మనసులో చదివితే గాలి ఆడదు. మనిషి ఇంకా కనిపించలేదు, మాట వినిపించలేదు. వలపు (పరిమళం) ముందు వచ్చింది, వలపు (కోరిక) తరవాతి పద్యాల్లో వస్తుంది. పెద్దన ఇక్కడ ఆ మాట వాడకుండానే దాని రెండర్థాలనూ వరసగా చూపించాడు.

ఆ గాలి ప్రవరుడికి చెప్పింది ఒక్కటే: ఇక్కడ మనుషులున్నారు, దారి చెబుతారు. వెళ్లి దారే అడిగాడు. అక్కడున్న అప్సరస వరూధిని ఏమంది? “ఇంతలు కన్నులుండఁ దెరు వెవ్వరి వేఁడెదు భూసురేంద్ర” అంది. అంతేసి కళ్లుండి దారి ఒకరినడగడమేమిటి, ఒంటరిగా ఉన్న జవరాండ్రను పలకరించడానికి నెపం కాకపోతే, అని. అతనికి కావలసింది ఇల్లు, ఆమెకు కావలసింది అతను. ‘కావాలి’లు రెండున్నాయి, కలవలేదు. అతను వలదన్నాడు, తోసేసి వెళ్లిపోయాడు. వరూధిని వలపు నిజం. కానీ అది ఒంటిచేతి వలపు.

ఆ తర్వాత వచ్చే గంధర్వుణ్ణి చూడండి. వాడు అంతకుముందే వరూధినిని కోరి కాదనిపించుకున్నవాడు. ఆమె మనసు ప్రవరుడి మీద ఉందని తెలిసి ప్రవరుడి రూపం వేసుకుని వచ్చాడు. వాడికీ ‘కావాలి’ ఉంది, బలంగానే ఉంది. ‘వద్దు’ అన్నమాటను మాత్రం వేషంతో దాటేశాడు. పెద్దన కవిత్వానికి నేను ఎన్నిసార్లయినా దండం పెడతాను, ఆ ఘట్టాన్ని మాత్రం ప్రేమకథ అనలేను. ఇప్పుడొస్తున్న కథల్లో నాయకుడు వద్దన్న పిల్ల వెంట నెలల తరబడి పడి, చేయి కోసుకుని బెదిరించి, చివరికి ఒప్పిస్తే దాన్ని రొమాన్స్ అంటున్నారు. ఈ రచయితలు ‘వద్దు’ కూడా వలపు ఇంటి బిడ్డేనని గుర్తుపెట్టుకుంటే బాగుండును. దాన్ని వినని కలానికి ‘కావాలి’ రాసే అర్హత లేదు.

ఇక మొదటి సందేహం. శృంగారం అంత చెడ్డ మాట ఎప్పుడయింది? నాట్యశాస్త్రం చెప్పిన భరతుడు దాన్ని ‘ఉజ్జ్వలవేషాత్మకం’, వెలుగులీనే వేషమే దాని స్వభావం అన్నాడు. లోకంలో శుచిగా, చూడముచ్చటగా ఉన్నదాన్నంతా శృంగారంతో పోల్చాడు. మన ‘సింగారం’ దాని బిడ్డే. పూరీలో జగన్నాథుడికి రాత్రి పవళింపుకు ముందు పూలతో చేసే అలంకారాన్ని మీ ఒడియా ఇరుగుపొరుగు ‘బడ సింగార వేష’ అంటారు, చేతులు జోడించి చూస్తారు. మనం ఆ మాటను వార్తల్లో పడేసి పాడుచేసుకున్నాం, మీ వదినగారిని అని లాభం లేదు. ప్రణయానికి చనువు, నమ్మకం అనే అర్థాలున్నాయి, అలకకు కూడా చోటుంది, మంచి మాట. ప్రేమ మరీ వెడల్పు, తల్లికీ దేశానికీ కూడా పంచాలి. ఒడియాలో ‘భల పాయిబా’ అంటారు, భల అంటే మంచి, పాయిబా అంటే పొందడం. మీరు రోజూ వినే ఆ మాట మీద నాకు కాస్త అసూయ.

రొమాన్స్‌ను మాత్రం తరిమేయమనను. దాని పుట్టుక తెలిస్తే మీ ఊరివారు గర్వపడతారు. పండితుల రాత లాటిన్‌లో సాగే కాలంలో, జనం మాట్లాడే భాషలో రాసినదానికి పాత ఫ్రెంచివారు పెట్టిన పేరది. తరవాత ఆ భాషలో వచ్చిన వీరుల కథలకు, ఆపైన ప్రేమకథలకు అంటుకుంది. ఫ్రెంచి, స్పానిష్, ఇటాలియన్‌లను నేటికీ రొమాన్స్ భాషలనే అంటారు. అంటే రొమాన్స్ మొదటి అర్థం వాడుకభాషలో రాత! గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెప్పి, సవరల భాష నేర్చుకుని, వాడుక తెలుగు కోసం పోరు మొదలుపెట్టిన ఊరు మీది. 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమహేంద్రవరం వెళ్లిపోయారు, ఆయన గెలిపించిన భాష మీ ఇళ్లలో ఉండిపోయింది. కనుక ‘రొమాన్స్’ ఉంచుకోండి, ‘హీరోహీరోయిన్లు రొమాన్స్ చేస్తున్నారు’ లాంటి వాక్యాల జోలికి పోకండి. అట్ట మీద తెలుగే కావాలంటే నా ఓటు ‘వలపు కథలు’కు. మీ ప్రచురణకర్త ‘ప్రణయ కథలు’ అంటే దెబ్బలాడవద్దు.

మూడోది. ‘ఒల్లు’ వేరే ధాతువు, వలచుతో కలపకూడదు. సమ్మతించు, ఇష్టపడు అని అర్థం. సుమతీ శతకకారుడు ‘ఒల్లని సతి నొల్లని పతి నొల్లని చెలికాని విడువ నొల్లనివాఁడే’ అని ఒక్క పద్యంలో నాలుగుసార్లు వాడాడు, నాలుగుసార్లూ ‘ఒల్లని’ అనే. భాషలో ఇది కాదనడానికే నిలిచింది. మిగతాచోట్ల అదీ వినబడటం తగ్గిపోయింది. పాతపట్నం నుంచి మీ పర్లాకిమిడి, గుణుపురం దాకా మాత్రం ‘నానొల్ల’ ఇంకా పచ్చిగా ఉంది. గమనించారా, ‘నాకొద్దు’లో ఉన్న ‘నాకు’ ఇందులో లేదు. నాను, నేను. కర్త నిలబడి కాదంటోంది.

ఆ మాటకు అవుననే రూపం నోళ్లలో లేదు గనక మీ నాయిక ‘ఒల్లుతాను’ అనలేదు. కాదనడాన్ని ఎదురుప్రశ్నలో పెట్టి అవుననిపించింది. ‘నాకు నువ్వు కావాలి’ అని అతను ‘నాకు’తో మొదలుపెట్టిన కథను ఆమె ‘నాను’తో ముగించింది. పత్రికవారు దిద్దింది తప్పు. పుస్తకంగా వేసేటప్పుడు “నానొల్లనని ఎవులన్నారు?” అనే ఉంచండి. ‘ఎవులు’ను ‘ఎవరు’ అని కూడా దిద్దనివ్వకండి.